అతిథి రాకముందే గెలిచిన పరుగు

ఈ సంగతి జరిగిన రోజే రాసి పెట్టాలనిపించింది. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. చిన్నప్పుడు మా ఇంట్లో ఆడపిల్లలం బడికి పోలేదు. మదనపల్లెలో పట్టుగూళ్లు ఉడికించి దారం తీసే పనికి పోయాం. వేడినీళ్లలో నానిన వేళ్లు సాయంత్రానికి తెల్లగా ఉబ్బేవి. అన్నం కలుపుకుంటే మంట పుట్టేది. ఆ వేళ్లతో బలపం పట్టుకోవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు, నాకూ రాలేదు.

పెళ్లయి పుంగనూరు వచ్చాక పెద్దలకు చదువు చెబుతామని ఒకసారి మా వీధికి మనుషులు వచ్చారు. పలకలు ఇచ్చారు. లాంతరు ఇచ్చారు. మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి పలకలు ఎత్తి పట్టుకోమని ఫోటో తీశారు. చదువు చెప్పే మనిషి మాత్రం రాలేదు. లాంతరు కొన్నాళ్లు మా పక్కింటి పశువుల కొట్టంలో వెలిగింది. అంతటితో మా వీధి చదువు ముగిసింది.

చివరికి నాకు అక్షరాలు నేర్పింది మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి, పని మానేశాక మా వీధిలో ఇల్లు తీసుకున్న ఒక అక్క. సాయంత్రం పూట తన వసారాలో కూర్చోబెట్టి, పాత క్యాలెండరు కాగితాల వెనక రాయించేది. ఆమె ఎవరినీ పిలిచి సభ పెట్టలేదు. అందుకే నేర్పగలిగింది. ఇప్పుడు నెమ్మదిగానైనా రాయగలను కాబట్టి, నా మనవరాలి పరుగు గురించి రాస్తున్నాను.

నా కూతురూ అల్లుడూ సోమల దగ్గర టమాటా పెడతారు. వాళ్ల కూతుర్ని హైస్కూలు చదువుకని పుంగనూరులో నా దగ్గర ఉంచారు. ఆ పిల్ల పరిగెడుతుంది. ఆటల్లో పరిగెత్తే పరుగు కాదు. పొద్దున్నే లేచి, ఎవరూ తరమకపోయినా, ఎక్కడికీ పోవాల్సిన పని లేకపోయినా పరిగెడుతుంది. మొదట్లో నాకు పిచ్చిగా తోచింది. తరువాత ఆ పరుగును చూడకపోతే నాకే తోచేది కాదు.

వాళ్ల బడిలో వ్యాయామం నేర్పడానికి ఒక సారు ఉన్నాడు. అందరూ డ్రిల్లు సారు అంటారు. మెడలో ఈల, చేతిలో ఫోను. రోజూ సాయంత్రం ఒక పిల్ల కుర్చీ మోసుకొచ్చి వేపచెట్టు నీడన వేస్తే దాంట్లో కూర్చుంటాడు. ఆయన శిక్షణ నేను గోడ బయట నిలబడి విన్నాను. "పరిగెత్తండి" అనేవాడు. పిల్లలు పరిగెత్తేవాళ్లు. "ఇంకా గట్టిగా" అనేవాడు. అంతకంటే ఆయన దగ్గర విద్య లేదు. ఫోను మోగితే ఆ రెండు మాటలు కూడా ఉండవు. పోనీ గ్రౌండు బాగుందా అంటే, అది పేరుకు బడిది. సభలకూ పెళ్లి విందులకూ అందరూ దాన్నే వాడతారు. పందిరి గుంజలు పీక్కుపోతారు, గుంతలు పిల్లల కాళ్లకు వదిలిపోతారు. అందుకే మా పిల్ల చౌడేపల్లె రోడ్డు మీద పరిగెత్తేది. నేను మోరీ గట్టు మీద కూర్చుని కాపు కాసేదాన్ని.

ఆ ఏడాది ఆమెకు ఒకటే ఆశ, కుప్పం పోవాలని. మదనపల్లెలో జరిగే పోటీల్లో మొదటి ఇద్దరిలో ఒకరుగా వస్తే కుప్పంలో జిల్లా పోటీలకు పంపుతారు. నాకు కుప్పం అంటే రైలు ఆగే ఊరు, అంతే. ఆ పిల్ల మాత్రం కుప్పం అన్నప్పుడల్లా గొంతు తగ్గించి, ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు పలికేది.

మా అల్లుడు చెడ్డవాడు కాదు. కూతురికి చదువు పాడవుతుందని భయం. ఒకసారి వచ్చినప్పుడు తేల్చి చెప్పాడు.

"ఈ తూరి కుప్పం దాకా పోతే పోనీలే అత్తా, నేనేం అడ్డం రాను. పోలేదంటే మాత్రం ఈ పరుగులు ఇంగ సాలు. సోమలకు తోడుకొచ్చి ఆడ బళ్లో చేరుస్తా. నా కండ్ల ముందర కూచోని సదువుకుంటాది."

పిల్ల వాకిట్లో నిలబడి విన్నది. మరునాటి నుంచి ఇంకా ముందే లేచేది.

పోటీలకు ఆడపిల్లల వెంట ఎవరైనా ఆడమనిషి పోవాలట. బడిలో టీచరమ్మల్లో ఒకరికి తలనొప్పి, ఒకరికి ఇంట్లో వ్రతం. డ్రిల్లు సారు మా ఇంటికి వచ్చి "నువ్వు రామ్మా, ఊరికే కూచునేదే గదా పని" అన్నాడు. నేను పోయాను. ఊరికే కూర్చునే పని ఆయనది, నీళ్ల క్యాను మోసే పని నాది అని మదనపల్లెలో బస్సు దిగాక తెలిసింది.

మేము చేరేసరికి తెల్లవారి కొంతసేపే అయింది. గ్రౌండులో ముగ్గుపిండితో గీతలు గీశారు. గీతల కంటే ముందు షామియానా లేచింది. దాని కింద సోఫాలు, టీపాయి మీద గాజు గ్లాసులు, పూలదండలు, శాలువలు. పిల్లలకు మాత్రం ఎండ. ఆ పోటీలు నడిపించే ఆయన ఒకడు ఉన్నాడు. పొద్దున వచ్చినప్పటి నుంచి మైకు చేతిలోంచి దించలేదు కాబట్టి ఆయన్ని మైకు సారు అంటాను.

మైకు సారుకు ఒక చిక్కు వచ్చి పడింది. పోటీలు ప్రారంభించడానికి రావాల్సిన పెద్ద నాయకుడు ఇంకా ఇంట్లోనే ఉన్నాడు. ఎండ ముదిరితే పిల్లలు పడిపోతారని కొన్ని పోటీలు ముందే పెట్టేశారు. అంతవరకు తెలివైన పనే. ఆ రోజంతటిలో వాళ్లు చేసిన తెలివైన పని అదొక్కటే.

మా పిల్లది ఎనిమిది వందల మీటర్ల పరుగు. గ్రౌండు చుట్టూ రెండు చుట్లు. ఈల వేయగానే తక్కిన పిల్లలందరూ దయ్యం పట్టినట్టు ఉరికారు. వాళ్లకూ 'గట్టిగా పరిగెత్తు' అని నేర్పిన సార్లే ఉన్నట్టున్నారు. మా పిల్ల వెనక మెల్లగా పోయింది. రెండో చుట్టులో ముందున్నవాళ్లు ఒక్కొక్కరే నోళ్లు తెరిచి రొప్పుతుంటే, ఈ పిల్ల రోడ్డు మీద మోరీ దాటినట్టే వాళ్లను దాటుకుంటూ వచ్చింది. మొదట వచ్చింది. అంగళ్లు అనే ఊరి నుంచి వచ్చిన ఒక పొడుగు పిల్ల రెండో స్థానం. గీత దాటి మా పిల్ల నా దగ్గరికి వచ్చి, నీళ్లు తాగకుండానే "కుప్పం అవ్వా" అన్నది.

అక్కడ నిలబడిన సార్లు చప్పట్లు కొట్టారు. ఒకాయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. మా డ్రిల్లు సారు తానే పరిగెత్తి వచ్చినట్టు చొక్కా సర్దుకుని, తోటి సార్లతో "మనం తయారుసేసిన పిల్లనే" అన్నాడు. నేను విన్నాను. రోజూ ఆయన కుర్చీ మోసే పిల్ల కూడా మాతో వచ్చింది, ఆ మాట విని నా వైపు చూసి పెదవి విరిచింది.

అతిథి మధ్యాహ్నానికి వచ్చాడు. తెల్లకార్లు గీతల మీదుగానే లోపలికి వచ్చాయి. ముగ్గుపిండి టైర్లకు అంటుకుపోయింది. దండలు, శాలువలు, బెలూన్లు. పిల్లల చేత ప్రమాణం చేయించారు. గెలుపోటములను సమానంగా చూస్తామని పిల్లలు ఎండలో చెయ్యి చాచి చెప్పారు. సోఫాల్లో కూర్చున్నవాళ్ల చేత ఏ ప్రమాణమూ చేయించలేదు. ప్రసంగాలు సాగినంతసేపూ పరుగులు ఆగిపోయాయి. ఆ అతిథి తన చిన్నతనంలో ఎంత వేగంగా పరిగెత్తేవాడో చెప్పాడు. మెట్లు ఎక్కడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చిన మనిషి.

చివర్లో ఆయన చేత జెండా ఊపించి ఒక పోటీ మొదలుపెట్టించాలి, అది పేపర్లో రావాలి. ఏ పోటీ అని సార్లు గుమిగూడారు. "ఆడపిల్లలదయితే ఫోటో బాగుంటాది" అన్నాడు మైకు సారు. ఆడపిల్లల్లో అప్పుడు అందరూ ఒకచోట చేతికి అందేది పొద్దున ఎనిమిది వందలు పరిగెత్తినవాళ్లే. అట్లా ఆ ఎనిమిది వందల పరుగు రెండోసారి వచ్చింది.

డ్రిల్లు సారు మా పిల్ల దగ్గరికి వచ్చి చెప్పిన మాటలు నేను పక్కనే ఉండి విన్నాను.

"మే, ఇది ఉత్త ఫోటోకే. మెల్లగా పోయిరా. సాయంత్రం రిలే ఉండాది, కాళ్లు అలవనీయొద్దు. నవ్వుతా పరిగెత్తు, తెలిసిందా?"

ఎన్నడూ 'గట్టిగా' తప్ప ఇంకో మాట ఎరగని మనిషి, జన్మకు ఒక్కసారి 'మెల్లగా' అని నేర్పాడు.

సారు చెప్పినట్టు చేసే పిల్ల అది. నవ్వుతూ పరిగెత్తింది. నా ముందు నుంచి పోతూ చెయ్యి కూడా ఊపింది. చాలామంది పిల్లలు అట్లాగే పరిగెత్తారు. వాళ్ల వాళ్ల సార్లు వాళ్లకూ చెప్పి ఉంటారు. అంగళ్లు పిల్ల సారు ఒక్కడే భోజనాల దగ్గర ఉన్నాడు. ఆ పిల్లకు ఏ సలహా అందలేదు. అందుకని ప్రాణం పెట్టి పరిగెత్తి మొదట వచ్చింది. అతిథి పట్టుకున్న రిబ్బను ఆమె రొమ్ముకు తగిలి తెగింది. కెమెరాలు మెరిశాయి. అతిథి ఆమె తల మీద చెయ్యి పెట్టి, కారెక్కి పోయాడు.

సాయంత్రం ఫలితాలు చదివారు. ఎనిమిది వందల మీటర్లకు కుప్పం పోయేవాళ్లలో అంగళ్లు పిల్ల మొదట, మరో బడి పిల్ల ఒకతె రెండు. మా పిల్ల పేరు లేదు. మనవరాలు నా వైపు తిరిగి, తప్పు విన్నానేమో అన్నట్టు చూసింది.

నేను నీళ్ల క్యాను కింద పెట్టి, గీత దాటి, మైకు సారు దగ్గరికి పోయాను.

"సార్, పొద్దున మా పిల్ల మొదట వచ్చెనే?"

"ఎవురమ్మా నువ్వు? తల్లిదండ్రులు గీత అవతల ఉండల్ల."

"తల్లిని కాదు సార్, అవ్వని. ఇంతసేపు అవతల్నే ఉండి సూసి వస్తాండా."

"పొద్దునదా? అది లెక్కలోకి రాదమ్మా. పెద్దాయన జెండా ఊపినాకనే గదా పోటీలు మొదలయింది. మొదలు కాకముందర పరిగెత్తింది యాడ రాస్తారు?"

ఆయన అలవాటు కొద్దీ మైకును నోటి దగ్గరే పెట్టుకుని మాట్లాడుతున్నాడు. మా ఇద్దరి మాటలూ గ్రౌండంతా వినిపిస్తున్నాయి. పిల్లలు ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోయారు.

"అట్లయితే పొద్దున మీరు పెట్టింది ఏంది సార్?"

"పోటీలే."

"పెట్టినారా, మొదలు కాలేదా? ఏదో ఒకటి సెప్పండి. పొద్దున లాంగు జంపు దూకినోళ్లవి ఇప్పుడే సదివితిరే, ఆ దూకింది ఎట్ల లెక్కలోకి వచ్చె?"

"దాన్ని మళ్లా పెట్టలేదు గదమ్మా. మళ్లా పెట్టనిదాన్ని అట్లనే తీసుకుంటిమి."

"అంటే పెద్దాయన సూడకుంటేనే మేలన్నమాట."

పిల్లలు గొల్లుమన్నారు. అప్పటికి ఆయనకు మైకు సంగతి గుర్తొచ్చి చెయ్యి కిందికి దించాడు. గొంతు కూడా దించాడు. అప్పుడు అసలు మాట బయటపడింది.

"ఇట్ల సూడమ్మా. రేపు పేపర్లో ఫోటో వస్తాది. రిబ్బను తెంచింది ఆ పిల్ల. ఫోటోలో ఒకరు ఉండి, కుప్పంకు ఇంగొకరు పోతే పెద్దాయన మనుషులు నన్ను అడగరా? నా నౌకరీ నేను సూసుకోవల్ల గదా."

అంతే. ఎక్కడా లంచం లేదు, పగ లేదు. ఒక ఫోటోకు తగ్గట్టు పరుగును సరిచేశారు, అంతే. మోసం చేసి ఉంటే కనీసం వాళ్లను చూసి భయపడేదాన్ని. వీళ్లను చూస్తే ఆ భయం కూడా కలగలేదు.

నేను డ్రిల్లు సారు వైపు తిరిగాను. "నువ్వు సెప్పు సార్. మెల్లగా పరిగెత్తమని నువ్వే గదా సెప్పింది?"

ఆయన మెడలో ఈల సవరించుకున్నాడు. "నేను అలిసిపోవద్దంటి. ఓడిపొమ్మని అంటినా? పిల్లకు ఆ మాత్రం తెలివి ఉండల్ల గదా."

మా పిల్ల అక్కడే ఉంది. ఆ మాట విన్నాక ఆమె తల వంచుకుంది. సారును తిట్టలేదు, ఏడవలేదు. తన తెలివి గురించి ఆలోచిస్తున్నట్టు నిలబడింది. నాకు ఆ మనిషి మీద నిజంగా కోపం వచ్చింది అప్పుడే.

అంగళ్లు పిల్ల మైకు సారు దగ్గరికి వచ్చి "సార్, ఇంగొకసారి పెట్టండి, మేము పరిగెత్తుతాం" అన్నది. ఇంకో ఇద్దరు పిల్లలు కూడా ముందుకు వచ్చారు. పొద్దుటి నుంచి ఎండలో ఉండి, రెండుసార్లు పరిగెత్తినవాళ్లు మూడోసారికి సిద్ధం. సోఫాల్లో కూర్చున్నవాళ్లకు మాత్రం అలసట. షామియానా వాళ్లు వచ్చి గుంజలు పీకుతున్నారని, ఇంక కుదరదని చెప్పి మైకు సారు వెళ్లిపోయాడు.

పుంగనూరు బస్సులో పిల్ల కిటికీ వైపు కూర్చుంది. డ్రిల్లు సారు ముందు సీట్లో శాలువ భుజాన వేసుకుని నిద్రపోయాడు. శిక్షణ ఇచ్చిన సార్లందరికీ ఒక్కో శాలువ కప్పారు లెండి.

ఇంటికి చేరాక అల్లుడికి ఫోను చేశాను. జరిగిందంతా చెప్పాను. నిజం చెప్పాలంటే చెప్పడం బాగా వచ్చింది. టైర్లకంటిన ముగ్గుపిండి, మెట్లెక్కలేని పరుగువీరుడు, మైకులో మా వాదన అన్నీ చెప్పాను. అల్లుడు అవతల పగలబడి నవ్వాడు. నాకూ ఊపొచ్చి ఇంకా నాలుగు కలిపాను.

నవ్వడం అయ్యాక అన్నాడు. "సరే అత్తా. అట్లాంటోళ్ల కాడ మన పిల్ల యాల సావల్ల? నువ్వే అంటాండావు గదా, వాళ్లకు ఏమీ తెలీదని. రేపు పొద్దున బస్సెక్కించు. ఈడ సదువుకుంటాది."

ఇంతసేపు నేను వెక్కిరించిందంతా అతనికి కారణమై కూర్చుంది. వాళ్లు పనికిమాలినవాళ్లని నేనే ఒప్పించాను, కాబట్టి పరుగు కూడా పనికిమాలినదని అతను తేల్చేశాడు. "సూస్తాలే" అని ఫోను పెట్టేశాను. లోపలికి పోతే పిల్ల అప్పటికే బట్టలు సంచిలో సర్దుకుంటోంది. ఆ సంచి చూసినప్పుడు నాకు మైకు సారు కంటే డ్రిల్లు సారు కంటే నా అల్లుడి మీద, అంతకంటే నా మీద ఎక్కువ చిరాకు కలిగింది. వెక్కిరించడం సులువే. నేను బాగా చేస్తాను. దానివల్ల ఆ పిల్లకు ఒక్క అడుగు కూడా దక్కలేదు.

మరునాడు పొద్దున్నే పిల్లను లేపాను.

"లెయ్యి మే. పరుగుకు పో."

"బస్సు ఉండాది గదవ్వా?"

"బస్సుకు నేను పోతాండా. నువ్వు పరుగు అయినాక బడికి పో."

సోమలలో దిగి, అటు నుంచి అటే టమాటా తోటలోకి పోయాను. కాయ కోసే ఆడవాళ్లు సాళ్లలో ఉన్నారు. నేనూ కొంగు దోపి ఒక సాలులో కూర్చుని కోయడం మొదలుపెట్టాను. అల్లుడు క్రేట్లు మోసుకుంటూ వచ్చి నన్ను చూసి ఆగాడు. నా వెనక చూశాడు.

"పాప యాడత్తా?"

"రోడ్డు మీద పరిగెత్తుతాండాది."

"నేనేం సెప్తి, నువ్వేం సేస్తివి?"

"నువ్వు సెప్పింది వింటి. వాళ్లు పనికిమాలినోళ్లని నేనంటి, ఇప్పుడూ అంటాండా. నీకు ఒక మాట అడగల్ల. నీ కూతురు పరిగెత్తేది ఎప్పుడన్నా సూసినావా?"

అతను క్రేటు కింద పెట్టాడు. పక్క సాళ్లలో ఆడవాళ్ల చేతులు ఆగాయి.

"నాకు తీరిక యాడుండాదత్తా?"

"ఆ పెద్దాయన అన్నా మధ్యాహ్నానికి వచ్చి సూసిపాయె. నువ్వు అంతకన్నా పెద్దోడివా అప్పా? సూడకుండానే ఆపేస్తాండావు."

ఒకామె ఫక్కున నవ్వి కొంగు అడ్డం పెట్టుకుంది. అల్లుడి ముఖం ఎర్రబడింది. ఒక పచ్చికాయ తీసి పక్కకు విసిరాడు. ఇంకొకటి తీసి అదే పని చేశాడు.

"మళ్లా ఆ సారోళ్ల కాడికే పంపల్లనా?" అన్నాడు చివరికి.

"వాళ్ల కాడికే. ఇంగెవురుండారు మనకు?"

"రేపు తెల్లారితో మదనపల్లె మండీకి లోడు పోతాది. పుంగనూరు మీదనే గదా పోయేది," అన్నాడు నా వైపు చూడకుండా. "ఆ చౌడేపల్లె రోడ్డున్నే అయితే సూస్తాలే."

"డ్రైవరును మెల్లగా పోనీమను. వెనక నుంచి హారను కొట్టొద్దను. బెదురుతాది."

అతను తల ఊపి క్రేటు ఎత్తుకుని బండి వైపు పోయాడు. నేను కాయలు కోస్తూ ఆ సాలు చివరిదాకా పోయాను.